రాబోతుందనగా

వేలం కేంద్రంలో నా గది ఒక్కటే చల్లన.
ఆ చల్లన నాకోసం కాదు, దానికోసం.
బయట గోనెపట్టాల్లో చెక్కులు మగ్గుతుంటాయి.
కందుకూరు కందుకూరంతా పొగాకు వాసన,
సాయంత్రానికి నా జడక్కూడా.

నల్లటి గాజు. పచ్చటి అక్షరాలు.
ఇరవై నాలుగు వరసలు, అంతకు మించి పట్టదు.
ఇరవై ఐదోది అడుగున పుట్టిందంటే
పైదానికి నూకలు చెల్లినట్టే.

మాది మార్కాపురం. మా నాయన
పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చేవాడు.
పలక మీదిది ఎవరో ఒకరు చెరిపితేనే పోతుంది,
చెరిపిన చేతికి బూడిదరంగు అంటుతుంది.
ఇక్కడ ఎవరూ చెరపరు.
పైకి పోతుంది, అంతే.

పని నేర్పినాయన నెల్లూరు నుంచి వచ్చి రెండు రోజులున్నాడు.
కంట్రోల్ పట్టుకుని యస్ కొడితే ఆగుద్ది,
క్యూ కొడితే కదుల్తుంది, అన్నాడు.
యస్ అంటే స్టాపు సార్, మరి క్యూ అంటే?
క్యూ అంటే క్యూనేనమ్మా, అని
టీ తాగి బస్సెక్కాడు.

ఆ మార్చిలో ఒకరోజు
పోలుబోయిన మాలకొండయ్య
గుమ్మం బయట చెప్పులు విడిచి
తలపాగా కూడా తీసి చంకలో పెట్టుకుని వచ్చాడు.
నా చెక్కులేమైనయ్యో చూడు తల్లా.
నంబరు?
ఆయనకి చదువు రాదు. బ్యారన్ గోడ మీద
ఎర్రరంగుతో రాయించిన నాలుగంకెలు
చూపుడువేలితో గాల్లో గీశాడు,
ముగ్గు వేసినంత జాగ్రత్తగా.

జాబితా వదిలాను.
మాలకొండ స్వామి పేరు పెట్టుకున్నవాళ్ళు
ఈ తాలూకాలో ఇంతమందా!
పరిగెత్తే పేర్లలో
అదిగో అదిగో అన్నాడాయన. నేను నొక్కేసరికి
వేరే ఊరి రైతులు నిలబడి ఉన్నారు తెర నిండా.

యాడికి పొయ్యింది?
పైకి.
దించు మరి.
దిగదు పెద్దాయనా. మళ్ళీ మొదట్నించి రావాల్సిందే.

రెండోసారీ అంతే.
కన్ను చూసి, వేలికి చెప్పి, వేలు వంగేలోగా
ఏడెనిమిది కుటుంబాలు దాటిపోతాయి.
ఆగమన్నాక కూడా
బ్రేకేసిన లారీలాగా ఇంకో రెండు వరసలు జారుతుంది.

మూడోసారి ఆయన నా కుర్చీ వెనక్కొచ్చి నిలబడ్డాడు.
నువ్వు చూసినాక నొక్కుతుండావమ్మా.
ఆకు పసుపు తిరిగినాక సెగ మారిస్తే ఏమవుద్ది?
మచ్చ పడుద్ది.
తిరగబోతందనంగానే మార్చాల.
ఆ గడియ కోసమేగా రాత్రుళ్ళు
పొయ్యి కాడ కూకునేది.

ఈసారి నేను పేర్లు చూడలేదు.
ఆయన ఊపిరి విన్నాను.
అది ఆగింది. నేను నొక్కాను.

కింద నుంచి మూడో వరస.
ఆ నాలుగంకెలు, పక్కన ఆయన ఇంటిపేరు.
వేలితో తాకబోతే గాజు చిటపటలాడింది,
చేతి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.
ఏడు చెక్కులు. ఐదు పోయినయ్.
రెండింటికి నో బిడ్.

ఆ మాట మాత్రం ఆయనకి తెలుసు.
ఏ రైతుకి తెలియదు గనక.

వెనక వరండాలో జనం గొణుగుతున్నారు.
పరంధామయ్యగారు గ్లాసు తలుపులోంచి అరిచారు,
ఏంటమ్మా, మిషను చచ్చిందా?
హ్యాంగయింది సార్, అన్నాను.
నా ఉద్యోగంలో నేను చెప్పిన మొదటి అబద్ధం.

పచ్చవెలుగులో ఆయన ముఖం
నారుమడి పక్కన వంగినట్టుంది.
ఆ రెంటినీ చూస్తూనే ఉన్నాడు,
పోయిన ఐదింటినీ ఒక్కసారి కూడా చూడలేదు.
ఎంతసేపో చెప్పలేను, ఆ గదిలో గడియారం లేదు.
తెర లోపల మిగతా ఊళ్ళన్నీ
పొన్నలూరు, లింగసముద్రం, వలేటివారిపాలెం
ఒక్క మీట కోసం ఊపిరి బిగబట్టి ఉన్నాయి.

తలపాగా దులిపి చుట్టుకున్నాడు.
ఇంక వొదులమ్మా.

క్యూ.